తల్లి చేప హోదా

మా హారికను పురిటికి ఇంటికి తీసుకొచ్చిన రోజు నుంచి నేను భయపడని విషయం లేదు. బీపీకి భయపడ్డాను. ఉమ్మనీరు తగ్గుతుందేమోనని భయపడ్డాను. బాత్‌రూములో పాకుడు పడుతుందేమోనని రోజూ రెండుపూటలా నేనే చీపురుతో రుద్దాను. ఎదురింటి మేడ మీద కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీ గాలికి ఊడొచ్చి పిల్ల మీద పడుతుందేమోనని, వాళ్ళు ఇంట్లో లేనప్పుడు మా ఆయన్ని పైకెక్కించి ఇంకో తాడు కట్టించాను. చేపల వల్ల ప్రమాదం వస్తుందని మాత్రం నాకు తట్టలేదు. ఎంత భయస్తురాలికైనా ఏదో ఒకటి తప్పిపోతుంది.

మాది లాకుపేట. వెనక రైలు కట్ట, ముందు కాలువ. ఊళ్ళోకి వెళ్ళాలంటే కాలువ మీదున్న వంతెన ఒక్కటే దారి. ఆసుపత్రులన్నీ అవతల ఒడ్డునే ఉన్నాయి. మా వియ్యపురాలు ఆ మాటే ఎత్తింది. "మా వీధి చివరే నర్సింగ్ హోముంది, కాన్పు ఇక్కడే కానివ్వండి వదినగారూ" అంది. మొదటి కాన్పు పుట్టింట్లో జరక్కపోతే నలుగురిలో మా తల ఎక్కడ పెట్టుకుంటామని నేను పట్టుపట్టాను. "వంతెన దాటితే పెద్దాసుపత్రేనండి. ఆటోలో ఇలా ఎక్కి అలా దిగడమే" అన్నాను. ఈ మాట ఆవిడ తర్వాత నాకు చాలాసార్లు గుర్తు చేసింది.

మా కాలువ గురించి కూడా చెప్పాలి. నేను కాపురానికొచ్చిన కొత్తలో గట్టు పొడుగునా జమ్ముగడ్డి ఉండేది. నీళ్ళ మీద తూడు, అడుగున నాచు. అందులో చేపలు వాటి మానాన అవి గుడ్లు పెట్టుకునేవి, ఎవరినీ అడిగేవి కాదు. కిందటి ఎండాకాలం మున్సిపాలిటీ వాళ్ళు సుందరీకరణ అని చెప్పి జమ్మంతా పీకించి, నాచు గీకించి, రెండు గట్లకూ సిమెంటు గోడలు కట్టారు. కాలువ చాలా శుభ్రంగా తయారైంది. చేపలు పోయాయి.

ఈ ఏడు కమిషనరు వాచస్పతి గారు ఏదో దేశంలో శిక్షణకు వెళ్ళి వచ్చారు. పట్టణాల్లోని నీళ్ళలో చేపలకు గుడ్లు పెట్టుకోవడానికి చోటు లేక తల్లడిల్లుతున్నాయని అక్కడ తెలుసుకున్నారట. వచ్చీ రాగానే పట్టణ మత్స్య మాతృ వసతి పథకం మొదలుపెట్టారు. పీకేసిన నాచు స్థానంలో ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి చాపలు తేలేశారు. జమ్ము స్థానంలో పీవీసీ గొట్టాలు నిలబెట్టారు. కొబ్బరి పీచు తాళ్ళు కుచ్చులుగా వేలాడదీశారు. ఒక్కో చాపకూ ఒక నెంబరు రాసి, వాటిని ప్రసూతి పడకలన్నారు. హేచరీ నుంచి బంగారు తీగ రకం తల్లి చేపల్ని నీళ్ళ తొట్టెలో పెట్టుకుని టెంపోలో తెచ్చి వదిలారు. తర్వాత మగవాటినీ తెచ్చారు.

ప్రారంభోత్సవం నాడు వాచస్పతి గారు మాట్లాడిన మాటలు నాకు పూర్తిగా అర్థం కాలేదు. మాతృత్వం జాతి భేదాలకు అతీతమైనదన్నారు. నాగరిక సమాజాన్ని దాని గర్భిణీల పట్ల అది చూపే శ్రద్ధను బట్టి అంచనా వేయాలన్నారు. నేను కడుపుతో ఉన్న కూతురున్న దాన్ని కనుక గట్టిగా చప్పట్లు కొట్టాను. చప్పట్లు కొట్టవద్దని ఒకాయన వచ్చి చెవిలో చెప్పాడు. నీళ్ళలో కంపనాలు వస్తాయట.

కంపనాల సంగతి అలా మొదలైంది.

మర్నాడు మున్సిపాలిటీ జీపు మైకు పెట్టుకుని పేటంతా తిరుగుతూ, ఇకపై ఎవరూ మైకు వాడరాదని చెప్పింది. రామాలయం మైకూ చర్చి మైకూ ఒకేరోజు ఆగిపోయాయి. ఆ పిమ్మట ఆటో హారన్లు ఆపారు. తర్వాత వారం కుక్కరు విజిల్సు. గట్టు పక్కన ఉన్న ఇళ్ళవాళ్ళం పప్పు గిన్నెలో ఉడకబెట్టుకోవాలి. మా ఆయనది వీధి మొదట్లో మోటార్ వైండింగు షాపు. బాగుచేసిన మోటారును తిప్పి చూడకుండా ఇవ్వడం ఎలాగని ఆయన అడిగాడు. చూడకుండా ఇవ్వవలసిందిగా ఆదేశించారు. కస్టమర్లు తిరిగి రావడం మానేశారు. ఆయన ఇంట్లో కూర్చుని పేపరు చదువుతూ, పేజీ తిప్పినప్పుడల్లా కాలువ వైపు చూసేవాడు.

అయినా చేపలు గుడ్లు పెట్టలేదు.

వాటికి చాటు లేకపోవడమే కారణమని తేల్చి, కాలువ వైపున్న కిటికీలకు పరదాలు కట్టమన్నారు. వీధి దీపాలు ఆర్పేశారు. రేవులో బట్టలుతకడం మాన్పించారు. మధ్యాహ్నం వేళ మగవాళ్ళు గట్టు మీదికి రాకూడదన్నారు. చీకట్లో హారిక ఎక్కడ తొట్రుపడుతుందోనని నేను గడప దగ్గర నుంచి మంచం దాకా గోడకు తాడు కట్టాను. చేపలు ఆ సౌకర్యాలన్నీ చూసి కూడా ఏమీ పెట్టలేదు.

అప్పుడు కమిషనరు గారు పేట జనాన్ని పిలిచి సలహాలు అడిగారు. జనం ఒకళ్ళనొకళ్ళు ముందుకు తోసుకున్నారు. మా పక్కింటి చిట్టెమ్మ వదిన మాత్రం ఊరుకునే మనిషి కాదు. రేవు మూసిన దగ్గర నుంచి ఆవిడకు ఒళ్ళు మండుతోంది.

"ఆషాఢమాసం కదండీ బాబూ. కొత్త జంటల్నే విడదీసి ఎవరింట్లో వాళ్ళనుంచుతాం. తమరేమో ఆడామగా కలిపి ఒకే కాలవలో ఒదిలేశారు. నియమం తప్పిన కాడ సంతానం ఎట్టా వస్తదండి?" అంది.

జనం నవ్వారు. కమిషనరు గారు నవ్వలేదు. స్థానిక సంప్రదాయాలను పరిగణనలోకి తీసుకోకపోవడం వల్లనే చాలా పథకాలు విఫలమవుతున్నాయని అన్నారు. రెండు రోజుల్లో కాలువకు అడ్డంగా వల కట్టి, ఆడ చేపల్ని ఎగువకు, మగ చేపల్ని దిగువకు తోలారు. మత్స్యశాఖ నుంచి వచ్చిన యువకుడొకడు, రెండూ ఒకచోట లేకపోతే గుడ్లు ఫలించవు కదా సార్ అన్నాడట. ఆషాఢం వెళ్ళాక ఫలిస్తాయన్నారు. చిట్టెమ్మ వదిన ఆ వల వైపు చూసి, ఇక నేను ఎప్పుడూ వేళాకోళం ఆడనని నా దగ్గర ఒట్టు పెట్టుకుంది.

శ్రావణం వచ్చింది. వల తీశారు. నేను హారికకు శ్రీమంతం పెట్టుకున్నాను. అదే రోజున మున్సిపాలిటీ చేపలకు శ్రీమంతం పెట్టుకుంది.

ఊళ్ళో ఆకుపచ్చ గాజులన్నీ వాళ్ళే కొనేశారు. నాకు ఎర్రవి దొరికాయి. నేను పిలిచిన ముత్తైదువులంతా పొదుపు సంఘాల వాళ్ళు. సంఘాల వాళ్ళు తప్పనిసరిగా కాలువ దగ్గర హాజరు కావాలని కబురొచ్చింది. పెద్దముత్తైదువ కావాలని నన్నూ పిలుచుకుపోయారు. ప్లాస్టిక్ గడ్డికి గాజులు గుచ్చి, పసుపు కుంకుమ చల్లి, పళ్ళేల్లో చలిమిడి పెట్టారు. సన్నాయి వాళ్ళు వాయిద్యాలు నోటి దగ్గర పెట్టుకుని ఊదకుండా కూర్చున్నారు. చలిమిడి ముద్దలు నేనే నా చేత్తో నీళ్ళలో వేశాను. కడుపు చల్లగా ఉండాలని దీవించాను. దీవించడానికి ఎవరైతే ఏమిటి. ఇంటికొచ్చేసరికి హారిక పట్టుచీర కట్టుకుని కుర్చీలో ఒక్కతే కూర్చుని ఉంది. ఎర్ర గాజులు తనే వేసుకుంది.

"వాటికి ఎన్నో నెలటమ్మా?" అని అడిగింది.

ఆ మరుసటి వారమే వంతెన మూశారు.

బరువు బండ్లు పోతుంటే స్తంభాల ద్వారా కంపనం నీళ్ళలోకి దిగుతోందని కనిపెట్టారు. రెండు కొసలకూ గేట్లు బిగించారు. నడిచేవాళ్ళు పొద్దున పూట మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని దాటవచ్చు. మధ్యాహ్నం నుంచి ఎవరూ దాటకూడదు, అది గుడ్లు పెట్టే వేళ. అప్పటికి నాకు రెండు పూటల అన్నం సయించలేదు. సోమవారం అర్జీల రోజు, చెప్పులు చేత్తో పట్టుకుని వంతెన దాటి కమిషనరు గారి ఆఫీసుకు వెళ్ళాను.

ఆయన చాలా మర్యాదగా కూర్చోమన్నారు. డేటు ఎప్పుడిచ్చారని అడిగారు. శ్రావణం చివర్లోనని చెప్పాను.

"సీజను భాద్రపదం దాకా ఉందమ్మా. కొద్దిగా వెనక్కి జరిపే అవకాశం ఉందేమో డాక్టరు గారిని సంప్రదించారా?"

"నొప్పులు మన చేతిలో ఉండవు కదండీ."

"అదే సమస్య. మానవ ప్రసూతిలో కాలనియమం లేదు. అదే చేపను చూడండి, సీజను దాటదు." కొంచెం బాధగా తల పంకించారు. "వంతెన మీద తల్లి చేపలను తరలించు వాహనము తప్ప అన్యములన్నీ నిషిద్ధమని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది."

"అంబులెన్సోనండి?"

"అంబులెన్సు అన్యములలోకి వస్తుంది."

ఆడమనిషి కాన్పు గురించి ఆయనకు లెక్క లేక కాదని కూడా చెప్పారు. అది వైద్యశాఖ పరిధి. ఆయనది జలచర ప్రసూతి. ఒక శాఖ పనిలో ఇంకో శాఖ వేలు పెట్టడం మంచి పద్ధతి కాదు. నాకు ఏడుపొచ్చింది. ఆఫీసులో ఏడవడానికి భయమేసి బయటికొచ్చి ఏడ్చాను.

ముందుగానే ఆసుపత్రిలో చేర్చేద్దామని మర్నాడు పొద్దున హారికను మెల్లగా నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. నొప్పులు రాకుండా బెడ్డు ఇచ్చేది లేదన్నారు. నొప్పులొచ్చాక రావడానికి వంతెన ఉండదని చెప్పాను. అది మా పరిధి కాదు, మున్సిపాలిటీ అన్నారు. పిల్లను మళ్ళీ ఇంటికి నడిపించుకొచ్చాను. అవతల ఒడ్డున మా ఆడపడుచు ఉందని ఇంటికొచ్చాకే తట్టింది, తెల్లారగానే ఆవిడింట్లో దింపేస్తే గొడవ వదిలిపోతుందనుకుని సంచి సర్దాను. పాత చీర ముక్కలు, ఫ్లాస్కు, అగరొత్తులు, టార్చిలైటు, అదనంగా ఇంకో టార్చిలైటు పెట్టాను. తెల్లారే దాకా ఏదీ ఆగలేదు. ఆ మధ్యాహ్నం అన్నాలు తింటుండగానే హారిక పళ్ళెం పక్కకు నెట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మా ఆయన అంబులెన్సుకు ఫోను చేశాడు. అది వచ్చింది. వచ్చి అవతల గేటు దగ్గర ఆగింది. దాని నెత్తిన లైటు తిరుగుతోంది గాని, కూత మాత్రం లేదు. నిబంధనలు తెలిసిన అంబులెన్సు అది.

ఇవతల గేటు దగ్గర ఏసుదాసు ఉన్నాడు. ఔట్‌సోర్సింగులో పెట్టిన వాచ్‌మన్. మంచివాడు, మా ఇంటి మజ్జిగ తాగినవాడు. అతని పక్కన చేపల టెంపో నిలబడి ఉంది. అది అక్కడ ఎందుకుందో చెబితే నమ్మరు. నిన్న తల్లి చేపల్ని తెచ్చి కాలువలో వదిలింది. వదిలాక అది ఖాళీ బండి. ఖాళీ బండి తల్లి చేపలను తరలించు వాహనం కాదు కనుక తిరిగి వంతెన దాటడానికి వీల్లేదు. డ్రైవరు అప్పన్న నిన్నటి నుంచి ఆ బండిలోనే ఉన్నాడు. నిన్న రాత్రి అన్నం నేనే పెట్టాను.

హారిక గేటు ఊచ పట్టుకుని వంగిపోయింది. నడవలేదని చూడగానే తెలుస్తోంది. నేను ఏసుదాసు చేతులు పట్టుకున్నాను.

"ఆయ్, నాకు మాత్రం బాధ లేదాండి పిన్నిగారూ. గేటు తీస్తే నా ఉద్యోగం పోద్దండి. ఒక్క ముక్క సారుతో చెప్పిస్తే తీసేత్తానండి" అని ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

కమిషనరు గారు అంతా ఓపిగ్గా విన్నారు. మనిషికి మినహాయింపు ఇవ్వడం అసాధ్యమన్నారు. ఈరోజు ఒక మనిషికి ఇస్తే రేపు ప్రతి మనిషీ అడుగుతాడన్నారు.  ఇప్పుడు గేటు దగ్గరే కాన్పు అయిపోతే బొడ్డు కోయడానికి ఏముందా అని నా మనసు అప్పుడే సంచిలో వెతుకుతోంది. చాకు పెట్టలేదు. రెండు టార్చిలైట్లు పెట్టాను.

"అయితే," అన్నారు కమిషనరు గారు. "మినహాయింపు ఇవ్వలేను గాని, హోదా ఇవ్వగలను. ఆ అధికారం నాకుంది. వంతెన దాటు మేరకు సదరు గర్భిణిని తల్లి చేపగా పరిగణించవచ్చు. తరలింపు నిబంధనలన్నీ పాటించాలి."

నిబంధనలు అప్పన్నకు నోటికి వచ్చు. తల్లి చేపను తొట్టెలో ఉంచాలి. తొట్టెలో నీళ్ళుండాలి. గాలి మోటారు ఆడుతుండాలి. పైన తడి గోనెపట్టా కప్పాలి. బండి నడక వేగం మించకూడదు. చేపను బెదరగొట్టేలా ఎవరూ మాట్లాడకూడదు.

మా ఆయన ముఖం ఎర్రబడింది. కన్నకూతుర్ని తొట్టెలో వేసుకుని తీసుకెళ్ళడమేమిటన్నాడు. నేను తడి ఒంటితో పిల్లకు చలి పట్టేస్తుందని, కాన్పు ముందు చలి పడితే వాతం చేస్తుందని చెప్పబోయాను. హారిక తలెత్తింది.

"అమ్మా, చేపంటే చేపే. ఎక్కించండి నన్ను" అంది.

ఎక్కించాం. నీళ్ళు మడమల దాకా పోయమని అప్పన్నను బతిమాలాను. అంతకన్నా తక్కువ పోస్తే బంగారు తీగ బతకదని అతను చీలమండల పైదాకా పోశాడు. తల్లి చేప వెంట ఒక సంరక్షకురాలు ఉండవచ్చట, నేనెక్కాను. మా ఆయన కూడా ఎక్కబోయాడు. మధ్యాహ్నం వేళ మగవాళ్ళు రాకూడదని ఏసుదాసు ఆపాడు.

"మరి మగ చేపల్ని ఎలా తీసుకెళ్తార్రా?" అన్నాడు మా ఆయన.

"అది వేరే ట్రిప్పండి" అన్నాడు ఏసుదాసు.

గేటు తెరుచుకుంది. ఆ వంతెన మీద ఆటోలో ఎన్నిసార్లు ఇలా ఎక్కి అలా దిగానో లెక్కలేదు. ఆవేళ అది తరగలేదు. గాలి మోటారు బుడబుడమంటోంది. హారిక గోనెపట్టా అంచు నోట్లో కుక్కుకుని పళ్ళతో నొక్కిపట్టింది, ఒక్క అరుపు బయటికి రానివ్వలేదు. దాని కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడిచాను. అవతల గేటు మీద బోర్డు కనబడింది. గర్భిణీ మత్స్యములు విశ్రమించుచున్నవి, దయచేసి నిశ్శబ్దం పాటించండి అని ఉంది. నా బిడ్డ పాటించినంతగా ఆ బోర్డును ఎవరూ పాటించి ఉండరు.

అంబులెన్సులోకి మార్చేటప్పుడు ఆ గోనెపట్టా జారి, వంతెన అంచు నుంచి కాలువలో పడిపోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఆసుపత్రికి చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. బిడ్డకు వేళ్ళన్నీ ఉన్నాయో లేదో నేను మూడుసార్లు చూశాను. నర్సమ్మ ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని, ఎక్కణ్ణుంచి వస్తున్నారమ్మా మీరు, ఇంత నీచు కంపేమిటి అని అడిగింది. లాకుపేట అని చెప్పాను. వియ్యపురాలు ఫోనులో ముందు బిడ్డ రంగు అడిగింది, తర్వాత ఆటోలోనే తీసుకెళ్ళారా వదినగారూ అని అడిగింది. బండిలోనేనండి అన్నాను.

భయాలన్నీ తీరిపోయాయనుకున్నాను. తల్లినీ బిడ్డనూ ఒక పొద్దున మెల్లగా వంతెన దాటించి ఇంటికి తెచ్చుకున్నాం. పురుడు ఇంకా కాలేదు. అప్పుడు కమిషనరు గారు పూలదండతో వచ్చారు. వెంట ఫొటో తీసేవాళ్ళు ఉన్నారు.

కాలువలో ఇప్పటికీ ఒక్క గుడ్డు కూడా కనబడలేదు. పై నుంచి ప్రముఖులు తనిఖీకి వస్తున్నారు. పథకం కింద తల్లి చేప హోదాలో తరలించబడి క్షేమంగా ప్రసవించినది హారిక ఒక్కతే. అందుచేత పథకానికి ఇది తొలి విజయమని ఆయన మా గుమ్మంలో నిలబడి ప్రకటించారు. మేము సంతోషించాం. మా ఆయన కుర్చీ వేశాడు.

"కార్యక్రమం గురువారం," అన్నారు వాచస్పతి గారు కూర్చుంటూ. "పథకం నిబంధనల ప్రకారం పుట్టిన సంతానాన్ని ప్రముఖుల చేతుల మీదుగా కాలువలో విడుదల చేయాలి."

"ఎవర్నండీ విడుదల చేసేది?" అన్నాను.

"పుట్టింది ఒక్కరే కదమ్మా."

ఉయ్యాల వైపు చూశాను. నా జన్మలో అన్నిటికీ భయపడ్డాను గాని, దీనికి ముందే భయపడి ఉంచుకోలేదు. ముందే భయపడి ఉంచుకున్నవాటికి నా దగ్గర ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది, తాడో, టార్చిలైటో.

"విడిచాక మళ్ళీ తీసుకుంటారాండి?"

"వెనక్కి తీసుకొనే విషయం ఉత్తర్వులో లేదు" అన్నారాయన నిజాయితీగా. "పైకి రాసి స్పష్టత కోరతాను."

 హారిక లోపలి గదిలో బిడ్డను లాక్కుని గోడ వైపు తిరిగింది. నాకు ఆఫీసు మాటలు రావు. ఏడో తరగతి దాకా చదువుకున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర విన్న మాటలు మాత్రం వచ్చు.

"పురుడు శనివారమండి," అన్నాను. "అప్పటిదాకా మైల. పురిటి బిడ్డ ముట్టిన నీళ్ళు మైలపడతాయండి. ఆ నీళ్ళలో ఉన్నవాళ్ళంతా కడుపుతో ఉన్నవాళ్ళాయె. వాళ్ళకేమన్నా అయితే ఆ పాపం మా ఇంటికి చుట్టుకుంటదండి. మేం మోయలేం."

కమిషనరు గారు ఆ మాట జేబు పుస్తకంలో రాసుకున్నారు. ఆషాఢం విషయంలో జరిగిన పొరపాటు ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది. ఈ అంశం ఇంతకుముందు తన దృష్టికి రాలేదన్నారు. మాతృత్వం పట్ల నాకున్న అవగాహనను మెచ్చుకున్నారు. విడుదలను బిడ్డకు ఈత వచ్చే వరకు వాయిదా వేశారు.

గురువారం ప్రముఖులు వచ్చి ఒక రబ్బరు బొమ్మను కాలువలో వదిలారు. జనం చప్పట్లకు బదులు చేతులు ఊపారు. పథకం విజయవంతమైంది కనుక సీజనును కార్తీకం దాకా పొడిగించారు. వంతెన గేట్లు అలాగే ఉన్నాయి. మున్సిపాలిటీ నుంచి ఒకాయన వారం వారం వచ్చి బిడ్డ పొడుగు కొలుస్తాడు, తల నుంచి తోక దాకా. తోక లేదని చెప్పాను. వచ్చే వారం మళ్ళీ చూస్తానన్నాడు. బిడ్డకు ఈత ఎన్నటికీ నేర్పకూడదని ఇంట్లో అందరం అనుకున్నాం. కాలువ పక్క ఇల్లు, ఈత రాకపోతే ఎలాగని నాకు మళ్ళీ అదొక భయం.

బారసాల అయిన మర్నాడు పొద్దున్నే, నడిచేవాళ్ళను వదిలే వేళకు, సామాన్ల కోసం ఊళ్ళోకి బయల్దేరాను. వంతెన మధ్యలో ఎందుకో కిందికి చూశాను. స్తంభం మొదట్లో సిమెంటు తాపడం ఊడిన చోట మా గోనెపట్టా చిక్కుకుని ఉంది. హారిక పళ్ళతో నొక్కిన గోనెపట్టా. నీళ్ళలో నాని, పీచులు విచ్చుకుని, వెనకటి నాచులా ఊగుతోంది. దాని నిండా సగ్గుబియ్యం అంటించినట్టు ఏవో మెరుస్తున్నాయి. కాసేపు అవేమిటో తెలియలేదు. పక్కనే ఒక లావుపాటి బంగారు తీగ చేప అటూ ఇటూ తిరుగుతోంది. నెంబర్లు వేసిన ప్రసూతి పడకలన్నీ అల్లంత దూరాన, గాజులతో సహా, ఖాళీగా తేలుతున్నాయి.

"ఏంటి పిన్నిగారూ, అక్కడేదన్నా ఉందాండి?" ఏసుదాసు గేటు దగ్గర నుంచి మెల్లగా అడిగాడు.

"ఏం లేదు నాయనా. పాత గోనెపట్టా."

"తీయించేయమంటారా?"

"వద్దులే. దాని మానాన దాన్ని ఉండనీ."

కాకులు చూస్తాయేమోనని భయమేసింది. ఎగువ నుంచి లాకు ఎత్తి నీళ్ళు వదిలితే కొట్టుకుపోతుందేమోనని భయమేసింది. అన్నిటికంటే ఎక్కువగా, వాచస్పతి గారు ఈ దారిన వచ్చి కిందికి చూస్తారేమోనని భయమేసింది. ఆయనకు కనబడితే ఇక దానికి పడకా, పరదా, పూలదండా తప్పవు.

"తొందరగా కానిచ్చుకుని, పిల్లల్ని తీసుకుని దూరంగా వెళ్ళిపో తల్లీ" అన్నాను, దానికి మాత్రమే వినబడేట్టు.

రోజూ ఆ వంతెన మీద గొణుక్కుంటూ, తిట్టుకుంటూ, కావాలని మడమలు నేలకేసి కొడుతూ నడిచేదాన్ని. ఆవేళ మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే, చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద దాటాను.